విదేశంలో పిల్లలతో ఒక వాలంటీరు ఏడాది: బయల్దేరే ముందు నుంచి తిరిగొచ్చేదాకా

2022 సెప్టెంబరులో జర్మనీలోని లైప్‌జిగ్‌లో ఒక యూత్ సెంటర్‌లో వాలంటీరుగా చేరాను. అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు, ఖమ్మంలో బీకామ్ పూర్తయి ఏడాదవుతోంది. రెండో వారంలో ఒక పదమూడేళ్ళ కుర్రాడు నాతో కికర్ ఆడుతున్నాడు, అంటే బల్ల మీద కడ్డీలకు బొమ్మలు గుచ్చి ఉంటాయే, ఆ ఫుట్‌బాల్ ఆట. నా వైపు చూడకుండానే "నీకు నెలకెంత ఇస్తారు?" అని అడిగాడు. నాలుగొందల యూరోల లోపే అన్నాను. కడ్డీ వదిలేసి తలెత్తాడు. "అంతేనా? మరి అంత దూరం నుంచి ఎందుకొచ్చావ్?"

నా దగ్గర సమాధానం ఉంది, కానీ అది ఆ పిల్లాడికి చెప్పగలిగేది కాదు. ఇక్కడ ఉంటే జర్మన్ వస్తుంది, తర్వాత మాస్టర్స్‌కి పనికొస్తుంది, ఆ తర్వాత ఉద్యోగం, ఇదీ నా లెక్క. ఆ లెక్కలో ఆ పిల్లాడు ఎక్కడా లేడు. ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు.

ఇప్పుడు నన్ను "అక్కా, నేనూ వెళ్దామనుకుంటున్నా, ఏం చేయాలి?" అని అడిగేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఒక్కొక్కరికీ ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు మొత్తం ఒక్కచోట రాస్తున్నాను. వీసా సంగతులు కొన్ని ఉంటాయి, కానీ ఎక్కువ భాగం వెళ్ళాక ఏం చేయాలన్న దాని గురించే, ఎందుకంటే అది ఎవరూ చెప్పరు.

మొదటి పని: ఎందుకు వెళ్తున్నారో నిజం రాసుకోండి

ఒక కాగితం తీసుకుని, ఎవరికీ చూపించనక్కర్లేదన్న ధైర్యంతో, మీ అసలు కారణాలు రాయండి. ఇంట్లో పెళ్ళి మాటలు తప్పించుకోవడానికి అయితే అదే రాయండి. విదేశంలో స్థిరపడాలని అయితే అదీ రాయండి. అందులో తప్పేమీ లేదు. తర్వాత ఆ కాగితం కింద ఒక్క ప్రశ్న: ఈ ఏడాది తర్వాత వీసా, ఉద్యోగం ఏవీ రాకపోయినా నేను వెళ్తానా? "లేదు" అని వస్తే దయచేసి ఈ దారి వదిలేసి నేరుగా చదువుకో ఉద్యోగానికో ప్రయత్నించండి. మీరు చూసుకోబోయేది పిల్లల్ని. మనసు వేరేచోట ఉన్న పెద్దవాళ్ళని టీనేజీ పిల్లలు రెండు రోజుల్లో పసిగడతారు.

నా కాగితం మీద అప్పుడు "తెలియదు" అని రాసుంది. అది కూడా పర్లేదు, కానీ తెలుసుకోవాలన్న కోరిక ఉండాలి.

దారి ఎంచుకోవడం

జర్మనీలో ఇలాంటి సేవకు రెండు ప్రధాన పద్ధతులున్నాయి. ఒకటి ఎఫ్‌ఎస్‌జే, అంటే స్వచ్ఛంద సామాజిక సంవత్సరం. 1950లలో చర్చి సేవాసంస్థలు యువతను "ఒక ఏడాది ఇవ్వండి" అని పిలవడంతో మొదలై, 1964లో చట్టమైంది. ఇది 27 ఏళ్ళ లోపు వాళ్ళకే. రెండోది బీఎఫ్‌డీ, ఫెడరల్ స్వచ్ఛంద సేవ. 2011లో అక్కడ తప్పనిసరి సైనిక సేవను నిలిపేసినప్పుడు, దాని బదులు యువకులు చేసే సామాజిక సేవ కూడా ఆగిపోయింది, ఆ ఖాళీ నింపడానికి అదే ఏడాది జులైలో ఇది వచ్చింది. దీనికి వయసు పరిమితి లేదు. ఇవి కాక, జర్మన్ ప్రభుత్వ నిధులతో నడిచే వెల్ట్‌వేర్ట్స్ అనే కార్యక్రమంలో 2013 నుంచి మనలాంటి దేశాల యువత జర్మనీకి వెళ్ళే భాగం కూడా ఉంది. అందులో ప్రయాణ ఖర్చులు కూడా చాలావరకు వాళ్ళే చూసుకుంటారు, సీట్లు మాత్రం తక్కువ.

మీ అప్లికేషన్ చూసేది ట్రేగర్ అనే నిర్వాహక సంస్థ. డియకోనీ, కారిటాస్, జర్మన్ రెడ్‌క్రాస్ లాంటివి పెద్ద ట్రేగర్లు. మీరు పనిచేసే చోటు వేరు: యూత్ సెంటర్, కిండర్‌గార్టెన్, స్కూలు, దివ్యాంగుల ఇల్లు, ఏదైనా. ట్రేగర్‌కి మీరే మెయిల్ రాయొచ్చు. ఏజెంట్లకు లక్షలు పోయకండి! పాకెట్ మనీ నాలుగైదొందల యూరోలు వచ్చే పనికి మూడు లక్షలు కట్టి వచ్చిన ఒక తమ్ముడిని అక్కడ కలిశాను. ఏడాదంతా అప్పు గురించే ఆలోచించేవాడు, పిల్లల మీద ధ్యాస ఎక్కణ్ణుంచి వస్తుంది పాపం.

పాకెట్ మనీతో పాటు, చోటును బట్టి, గది, భోజనం లేదా దానికి బదులు డబ్బు ఇస్తారు. హెల్త్ ఇన్సూరెన్స్, ఇతర సామాజిక బీమాల చందాలు వాళ్ళే కడతారు. పని మాత్రం సాధారణంగా ఫుల్‌టైమే, వారానికి దాదాపు 39 గంటలు. వెళ్ళే ముందే ఒప్పందంలో గది ఉందా లేదా అన్నది కచ్చితంగా చూసుకోండి, ఎందుకంటే పెద్ద ఊళ్ళలో ఆ డబ్బుతో బయట గది దొరకడం దాదాపు అసాధ్యం.

కాగితాలు, భాష

సెప్టెంబరులో చేరాలంటే అంతకుముందు శరదృతువు నుంచే మొదలుపెట్టండి. భాష బీ1, అంటే మధ్యస్థాయి, దాకా నేర్చుకోండి. దాని కింది మెట్టు ఏ2తో కూడా కొన్నిచోట్ల తీసుకుంటారు కానీ, టీనేజీ పిల్లలు మాట్లాడే జర్మన్ పుస్తకంలో ఉండదు, ఏ2తో మీరు మొదటి మూడు నెలలు మూగవాళ్ళే. హైదరాబాద్‌లో గోథే జెంట్రుమ్‌లో క్లాసులున్నాయి. పిల్లలతో పని కాబట్టి పోలీసు క్లియరెన్సు అడుగుతారు. ఇంకోటి, చాలామంది చివరి నిమిషంలో పరిగెత్తేది: తట్టు టీకా. 2020 మార్చి నుంచి అక్కడ స్కూళ్ళు, కిండర్‌గార్టెన్‌ల లాంటి చోట్ల పనిచేసేవాళ్ళు తట్టు టీకా వేసుకున్నట్టు రుజువు చూపించాలని చట్టం ఉంది. మన చిన్నప్పటి టీకా కార్డు ఇంట్లో ఎక్కడుందో ఎవరికీ గుర్తుండదు. వెతికించండి, దొరక్కపోతే ఇక్కడే డాక్టరు దగ్గర మళ్ళీ వేయించుకుని సర్టిఫికెట్ తీసుకోండి.

దిగాక రెండు వారాల్లో చిరునామా నమోదు చేయించుకోవాలి, దాన్ని ఆన్‌మెల్డుంగ్ అంటారు. బ్యాంకు ఖాతా, రెసిడెన్స్ కార్డు లాంటివన్నీ దీని వెనకే వస్తాయి.

మొదటి నెల: మాట్లాడకండి, అక్కడ ఉండండి

మనం స్కూల్లో చూసింది వేరు. అక్కడ పిల్లలు మిమ్మల్ని పేరు పెట్టి పిలుస్తారు, డు అంటారు. మనకు నువ్వు, మీరు ఉన్నట్టే వాళ్ళకు డు, జీ ఉన్నాయి, యూత్ సెంటర్‌లో అందరూ డు. మొదటిసారి ఒక పదకొండేళ్ళ పాప నన్ను నువ్వు అని పిలిచి "ఆ బంతి ఇలా ఇయ్యి" అన్నప్పుడు మనసు చివుక్కుమంది. అక్క అన్న పిలుపు లేకపోతే నాకు చోటే లేనట్టు అనిపించింది. కొన్నాళ్ళకు అర్థమైంది, అక్కడ గౌరవం పిలుపులో ఉండదు, మీరు చెప్పిన టైముకి వచ్చారా లేదా అన్నదాంట్లో ఉంటుంది. గురువారం నాలుగింటికి వంట అని చెప్పి నాలుగూ పదికి వెళ్తే, ఆ పది నిమిషాలు వాళ్ళు వారం దాకా గుర్తుపెట్టుకుంటారు.

యూత్ సెంటర్‌లో హాజరు ఉండదు. పిల్లలు ఇష్టముంటే వస్తారు, లేకపోతే లేదు. అందుకే మొదటి నెలలో మీ పెద్ద ఆలోచనలన్నీ, యోగా క్లాసు, బాలీవుడ్ డాన్సు, పక్కన పెట్టండి. బల్ల దగ్గర నిలబడండి. ఓడిపోండి. గిన్నెలు కడగండి. పేర్లు నేర్చుకోండి, సరిగ్గా పలకడం కూడా. మన పేర్లు వాళ్ళు తప్పు పలికితే మనకెలా ఉంటుందో వాళ్ళకీ అంతే, అందులో సగం మంది సిరియా నుంచో ఉక్రెయిన్ నుంచో వచ్చిన కుటుంబాల పిల్లలు, వాళ్ళ పేర్లు స్కూల్లో రోజూ తప్పుగానే వింటుంటారు.

టీనేజీ పిల్లలతో నమ్మకం ఎలా కుదురుతుంది

ఒక అమ్మాయి ఉండేది, పద్నాలుగేళ్ళు. ఎప్పుడూ హుడీ టోపీ కళ్ళ దాకా లాక్కుని కిటికీ గట్టు మీద కూర్చునేది. రోజూ వెళ్ళి "ఎలా ఉన్నావ్, స్కూలెలా ఉంది" అని అడిగేదాన్ని. భుజాలెగరేసేది, అంతే. ఏడు వారాలు అలాగే గడిచాయి. నాకే ఏదో చేతకావడం లేదని బాధపడేదాన్ని. మా ఇన్‌చార్జి ఒకరోజు మెల్లగా చెప్పింది: ప్రశ్నలు అడగడం మానెయ్, ఆమె పక్కన కూర్చుని ఏదైనా పని చెయ్.

ఆ గురువారం పులిహోర చేద్దామనుకున్నాను. ఐజెన్‌బాన్‌ష్ట్రాసెలో ఆసియా సరుకుల కొట్లో చింతపండు, ఆవాలు దొరికాయి. ఉల్లిపాయలు అక్కర్లేకపోయినా ఒక సలాడ్‌కని తెచ్చి, ఆ కిటికీ దగ్గర బల్ల మీద పెట్టి తరగడం మొదలుపెట్టాను. ఏమీ మాట్లాడలేదు. రెండో కత్తి పక్కన పెట్టాను. కాసేపటికి తీసుకుంది. తర్వాత నూనెలో ఆవాలు వేస్తే టపటపా పేలి ఒకటి ఆమె చేతి మీద పడింది. ఉలిక్కిపడి వెనక్కి గెంతి, "ఇవి బతికే ఉన్నాయా?" అంది. నేను నవ్వు ఆపుకోలేకపోయాను, ఆమె కూడా. ఆమె గొంతు సరిగ్గా విన్నది అదే మొదటిసారి.

కాబట్టి నేర్చుకున్నది చెప్తాను. ఎదురెదురుగా కూర్చోబెట్టి అడిగితే ఏ టీనేజీ పిల్లలూ చెప్పరు, పక్కపక్కన నిలబడి చేతులు పనిలో ఉంటే మాటలు వాటంతటవే వస్తాయి. వంట, సైకిల్ రిపేరు, గోడకు రంగు, ఏదైనా సరే. వారంలో ఒకే రోజు, ఒకే టైముకి, ఏడాదంతా అదే పని పెట్టుకోండి. నా గురువారం వంట అలా నిలబడింది. వండే ముందు అలర్జీలు అడగడం మర్చిపోకండి, మన పులిహోరలో పల్లీలుంటాయి, అక్కడ పల్లీ అలర్జీ ఉన్న పిల్లలు ఉంటే ప్రమాదం. పంది మాంసం తినని వాళ్ళు, ఏ మాంసమూ తినని వాళ్ళు ఉంటారు, అదీ అడగండి.

రెండు విషయాల్లో మాత్రం మొహమాటపడొద్దు. ఎవరైనా పిల్ల వచ్చి "ఎవరికీ చెప్పనని మాటిస్తే ఒకటి చెప్తా" అంటే మాట ఇవ్వకండి. "మాట ఇవ్వలేను, కానీ నీకు చెప్పకుండా ఎవరితోనూ మాట్లాడను" అనండి. ఇంట్లో కొడుతున్నారనో, ఇంకేదైనా ప్రమాదం ఉందనో అనుమానం వస్తే అదే రోజు మీ ఇన్‌చార్జికి చెప్పాలి, మీరే పరిష్కరించాలని చూడకూడదు. పిల్లల రక్షణకు అక్కడ చట్టబద్ధమైన పద్ధతి ఉంది, శిక్షణ ఉన్నవాళ్ళు ఉన్నారు.

రెండోది ఫోను. పిల్లల ఫోటోలు మీ స్టేటస్‌లో పెట్టకండి, తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి లేకుండా అసలు తీయకండి. నేను అక్టోబరులో ముగ్గురు పిల్లల్ని ఇన్‌స్టాలో ఫాలో చేశాను, ప్రేమతోనే. రాత్రి పన్నెండింటికి మెసేజ్‌లు మొదలయ్యాయి, జవాబివ్వకపోతే మర్నాడు అలకలు. ఇన్‌చార్జి కూర్చోబెట్టి మాట్లాడాక ఆ పిల్లలకు విడివిడిగా వివరించి అన్‌ఫాలో చేశాను. ఒకరు నెల రోజులు నాతో మాట్లాడలేదు. ముందే ఆ గీత గీసుకుని ఉంటే ఆ పాప మనసు నొచ్చుకునేది కాదు.

రోజూ మూడు వాక్యాలు

ఎదుగుదల అన్నది విదేశంలో ఉన్నంత మాత్రాన వచ్చేది కాదు. నాతో పాటు వచ్చినవాళ్ళలో ఏడాదంతా గడిపి, ఏం మారిందంటే చెప్పలేకపోయినవాళ్ళున్నారు, ఎందుకంటే రోజులు కలిసిపోతాయి. అందుకే ఒక నోటుబుక్కు పెట్టుకోండి, తెలుగులోనే. ప్రతి రాత్రి మూడు వాక్యాలు చాలు: కళ్ళతో చూసింది లేదా చెవులతో విన్నది ఒకటి, దానికి నేను ఏం చేశానో ఒకటి, రేపు ఏం మార్చి చేస్తానో ఒకటి. "ఈరోజు చాలా బాగుంది" లాంటివి వద్దు, అది ఏమీ చెప్పదు. నెలాఖరున కూర్చుని మొత్తం చదివి ఒక పేజీ రాయండి.

నా అక్టోబరు పేజీలో "నాతో" అన్న మాట పదహారు సార్లు ఉంది: నాతో మాట్లాడలేదు, నాతో ఆడలేదు, నాతో నవ్వలేదు. మార్చి పేజీలో మూడు సార్లే ఉంది, మిగతాదంతా పిల్లల పేర్లు. అది ఎవరూ నాకు చెప్పలేదు, నా చేతిరాతే చెప్పింది.

నవంబరు నుంచి జనవరి దాకా

ఇది కష్టం, ముందే తెలిస్తే కాస్త నయం. డిసెంబరులో లైప్‌జిగ్‌లో ఎనిమిదింటికి తెల్లారి, నాలుగింటికే చీకటి పడుతుంది. ఆదివారం కొట్లు మూసేస్తారు, వీధులు ఖాళీ. సంక్రాంతికి అమ్మ వీడియో కాల్‌లో ముగ్గు చూపిస్తే ఫోను పెట్టేశాక గంటసేపు ఏడ్చాను. ఆ రోజుల్లో ఊరుకోకుండా చేయాల్సినవి: మధ్యాహ్నం వెలుతురు ఉండగా అరగంట బయట నడవండి, తెలుగు మిత్రులతో పాటు ఊరివాళ్ళలో ఒక్కరినైనా స్నేహం చేసుకోండి, ఇంటికి రోజూ గంటలు గంటలు కాల్ కాకుండా వారానికి రెండు మంచి కాల్స్ పెట్టుకోండి. రెండు వారాలకు పైగా లేవబుద్ధి కాకపోతే ట్రేగర్‌లో మీకు కేటాయించిన కోఆర్డినేటరుకు చెప్పండి. వాళ్ళ పనే అది. పని చోటులోనే ఇబ్బంది ఉంటే చోటు మార్చడానికీ వీలుంటుంది, కానీ వీసా సంగతి కూడా ముడిపడి ఉంటుంది కాబట్టి ముందు వాళ్ళతో మాట్లాడకుండా మానేయకండి.

సెమినార్లు

ఏడాది సేవలో 25 రోజులు సెమినార్లు తప్పనిసరి, సాధారణంగా ఐదేసి రోజులు. చాలామంది సెలవుల్లా చూస్తారు. నా సలహా, ఏదో ఒక సెమినార్‌లో ఒక గంట మీరే నడుపుతానని అడగండి. ముప్ఫై మంది ముందు జర్మన్‌లో ఒక గంట నిలబడ్డాక ఇంటర్వ్యూ అంటే టెన్షన్ పోతుంది. వీలైతే యూలైకా కూడా తీసుకోండి. అది యువజన కార్యకర్తల గుర్తింపు కార్డు, దానికి ఒక శిక్షణ కోర్సు, దాంతో పాటు ప్రథమ చికిత్స శిక్షణ ఉంటాయి.

ఏప్రిల్ వచ్చాక: ఇక ముందు సంగతి

భవిష్యత్తు గురించి మొదటి ఆరు నెలలు నిర్ణయాలు తీసుకోకండి. ఏప్రిల్‌లో నోటుబుక్కు మొత్తం తిరగేసి, టైము తెలియకుండా గడిచిన రోజుల కింద గీత గీయండి. నాకు గీతలు పడ్డవన్నీ వంట రోజులు, హోంవర్కు సాయం చేసిన రోజులు. డేటా అనలిటిక్స్ మాస్టర్స్ చేయాలని వెళ్ళినదాన్ని, ఆ ఏడాదంతా నోటుబుక్కులో దాని ఊసే లేదు.

అప్పుడు అక్కడి ఉద్యోగుల పక్కన ఒక్కో రోజు కూర్చుని వాళ్ళ పని చూడండి. యూత్ సెంటర్ సోషల్ వర్కరు రోజులో సగం ఆఫీసులకు ఉత్తరాలు రాయడంలోనే గడుపుతారని చూస్తేనే తెలుస్తుంది. ఆ తర్వాత దారులు లెక్క వేసుకోండి. అక్కడే పిల్లల సంరక్షణలో వృత్తి శిక్షణ చేయొచ్చు, నిబంధనలు రాష్ట్రాన్ని బట్టి మారతాయి, భాష ఇంకా పై స్థాయికి వెళ్ళాలి. యూనివర్సిటీ అయితే స్టూడెంట్ వీసాకి బ్లాక్డ్ అకౌంటులో, అంటే నెలకింతే తీసుకోనిచ్చే బ్యాంకు ఖాతాలో, ఏడాదికి 11,904 యూరోలు చూపించాలి, 2024 సెప్టెంబరు నుంచి ఇది అమల్లో ఉంది. మన ఇంటర్ ఒక్కటే ఉంటే చాలా సందర్భాల్లో నేరుగా సీటు రాదు. వాలంటీరు రెసిడెన్స్ కార్డు ఆ సేవకే ఇచ్చింది, అది దానంతటదే చదువు వీసాగా మారదు. కనీసం మూడు నాలుగు నెలల ముందే విదేశీయుల కార్యాలయంలో అడగండి.

మూడో దారి తిరిగి రావడం. నేను అదే ఎంచుకున్నాను. ఇప్పుడు హైదరాబాద్‌లో ఎంఎస్‌డబ్ల్యూ, అంటే సోషల్ వర్క్‌లో మాస్టర్స్, చదువుతున్నాను, శనివారాలు ఒక హాస్టల్ ఆడపిల్లలతో ఉంటాను. "అంత దూరం వెళ్ళి తిరిగొచ్చేశావా" అని చుట్టాలు అన్నారు, నాన్న కూడా కొన్నాళ్ళు ముభావంగా ఉన్నారు. ఆ మాటలు వస్తాయి, సిద్ధంగా ఉండండి. ఉండిపోయినవాళ్ళు గెలిచినట్టూ వచ్చినవాళ్ళు ఓడినట్టూ కాదు, మీ నోటుబుక్కు ఏం చెప్తోందో అదే ముఖ్యం.

జులైలో ఆ కికర్ కుర్రాడు మళ్ళీ అడిగాడు, ఎందుకొచ్చావో ఇప్పుడైనా తెలిసిందా అని. "వచ్చింది నా కోసమే. ఉండింది మాత్రం గురువారాల కోసం" అన్నాను. కాసేపు ఆలోచించి, సరే అని బంతి వేశాడు.

వెళ్ళే ముందు

సేవ ముగించి వెళ్ళేటప్పుడు సర్టిఫికెట్ మీ హక్కు. ఏం పని చేశారు, ఎలా చేశారు అన్నది వివరంగా రాసిన ట్సోయిగ్నిస్ అడగండి, నెల ముందే, మీరు నడిపిన కార్యక్రమాల జాబితా మీరే రాసి ఇవ్వండి.

పిల్లలకు మీరు వెళ్ళే తేదీ ఆరు వారాల ముందే చెప్పండి. వాళ్ళలో చాలామందికి పెద్దవాళ్ళు చెప్పకుండా మాయమవడం అలవాటే. గోడ మీద కాలెండర్‌లో ఆ రోజు చుట్టూ గుండ్రంగా గీయండి. "మళ్ళీ వస్తా" అని చెప్పకండి, రాలేకపోవచ్చు. మీ పని ఎవరు చేస్తారో పరిచయం చేయండి.

మా చివరి గురువారం మళ్ళీ పులిహోరే చేశాం, పదకొండు మంది. తాలింపు ఆ హుడీ అమ్మాయే వేసింది, ఒక చేత్తో మూత పట్టుకుని మరీ. మిగిలిన ఆవాలు ఒక సీసాలో పోసి అక్కడి వంటింట్లోనే వదిలేశాను. దాని మీద ఆమె మార్కర్‌తో జర్మన్‌లో రాసి అతికించింది: మూత పెట్టి వేయించాలి, ఎగురుతాయి.